డ్రెస్సర్ మావయ్య అభ్యంతరం

"నడుం నొప్పని వచ్చిన మనిషికి బెంగ ఎక్కువైందని చెప్పి పంపేస్తే నేనొప్పుకోను."

పెద్దాయన మొదటి మాటే అది. మలేషియాలోని తెలుక్ ఇంటాన్ చుట్టుపక్కల కొబ్బరి, పామాయిలు తోటల ఆస్పత్రుల్లో ముప్ఫై ఏళ్లకు పైగా డ్రెస్సర్‌గా చేసి రిటైరయ్యాడు. మలేషియా తోటల్లో పెరిగినవాళ్లకు డ్రెస్సరంటే ఎవరో చెప్పనక్కర్లేదు. డాక్టరు ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే చోట రోజూ కట్లు కట్టి, జ్వరాలు చూసి, సెలవు చీటీ ఎవరికివ్వాలో తేల్చే మనిషి. ఎదురుగా కూర్చున్నది మేనకోడలు. కౌలాలంపూర్ చుట్టూ ఉన్న క్లాంగ్ లోయలో ఫిజియోథెరపిస్టు. ఉగాదికి ఊరొచ్చింది. తన దగ్గరికి నడుం నొప్పితో వచ్చేవాళ్లలో చాలామందిని ముందు నిద్ర గురించీ, ఇంట్లో, ఆఫీసులో ఉన్న చికాకుల గురించీ అడుగుతానని ఆమె అనడంతో పెద్దాయనకు కోపం వచ్చింది.

"బెంగ నొప్పిని పెంచుతుందంటే నొప్పి అబద్ధమని కాదు మావయ్యా," అందామె.

"మీ పుస్తకాల్లో కాదేమో. తోట ఆఫీసులో మాత్రం అదే అర్థం."

ఆ మాట వెనక ఆయన చూసిన పని ఉంది. పామాయిలు గెల ఒక్కోటి పది కిలోల నుంచి పాతిక కిలోల దాకా తూగుతుంది. చెట్టు పొట్టిగా ఉన్నన్నాళ్లూ ఉలితో పొడిచి కోస్తారు. ఎదిగాక పొడవాటి గొట్టం చివర కొడవలి బిగించి, తల వెనక్కి వాల్చి, బలమంతా పెట్టి లాగాలి. పడిన గెలను ఇనుప చువ్వతో గుచ్చి ఎత్తి తోపుడు బండిలో వెయ్యాలి. చెట్టు మొదట్లో రాలిన పళ్లను వంగి ఏరాలి. ఎన్ని గెలలు కోస్తే అంత కూలి. "అలాంటివాడు పొద్దున్నే నడుం పట్టేసిందని వస్తే, పని చేయించే మండోరు వెనకాలే వచ్చి వీడు నాటకమాడుతున్నాడు డ్రెస్సర్ గారూ అనేవాడు. అప్పుడు వాళ్లకు మానసికం అనే మాట తెలీదు. తెలిసుంటే అదే వాడేవాళ్లు. నువ్వు ఇప్పుడు ఆ మాటను పరిశోధనల్లో చుట్టి తెస్తున్నావు."

ఇది తేలిగ్గా తీసిపారేసే అభ్యంతరం కాదు. వైద్య చరిత్రలో దీనికి సాక్ష్యం ఉంది. స్కాట్లాండ్ ఎముకల వైద్యుడు గోర్డన్ వాడెల్ 1980లో నడుం నొప్పి రోగుల్లో కొన్ని గుర్తులు వర్ణించాడు. శరీర నిర్మాణంతో సరిపడని ప్రతిస్పందనలు కనిపిస్తే ఆ మనిషి మానసిక బాధను కూడా పట్టించుకోమన్నది ఆయన ఉద్దేశం. పరిహారం కేసుల్లో మాత్రం వాటిని దొంగ నొప్పిని పట్టే పరీక్షగా మార్చేశారు. ఆ గుర్తులు నటనకు రుజువు కావని 1998లో వాడెలే, మనస్తత్వవేత్త క్రిస్ మెయిన్‌తో కలిసి, మళ్లీ రాయాల్సి వచ్చింది. మేనకోడలు ఈ కథను తనంతట తానే చెప్పింది. "మీ మండోరు ఒక్కడే కాదు మావయ్యా. పెద్ద పెద్ద ఆస్పత్రుల్లోనూ అదే జరిగింది. అయినా మందును తప్పుగా వాడినవాళ్లున్నారని మందు తప్పంటామా?"

"ముందు అది మందని తేల్చు," అన్నాడాయన.

ఆమె దగ్గరి ఉదాహరణతోనే మొదలుపెట్టింది. 2015లో మలయా విశ్వవిద్యాలయం పరిశోధకులు సెలంగోర్ రాష్ట్రంలోని 1,482 మంది సెకండరీ స్కూలు టీచర్లను పరిశీలించారు. ఫలితాలు 2017లో వచ్చాయి. వాళ్లలో 48 శాతం మందికి నడుం నొప్పి, 60 శాతం మందికి మెడ, భుజాల నొప్పి. వీళ్లెవరూ గెలలు మోసేవాళ్లు కాదు. తీవ్రమైన దిగులుతో ఉన్న టీచర్లలో నడుం నొప్పి, దిగులు లేనివాళ్లతో పోలిస్తే సుమారు 1.7 రెట్లు కనిపించింది. తీవ్రమైన ఆందోళన ఉన్నవాళ్లలో దాదాపు ఒకటిన్నర రెట్లు. పని ఒత్తిడి ఎక్కువై, తమ నేర్పును వాడుకునే వీలు తక్కువైన టీచర్లలోనూ ఎక్కువే. అదే 2015లో దేశమంతటా జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో, 16 ఏళ్లు నిండినవారిలో 29.2 శాతం మందికి ఏదో ఒక మానసిక ఆరోగ్య సమస్య ఉన్నట్టు లెక్క తేలింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమంది.

డ్రెస్సర్‌గా చేసినా ఆయన లెక్కలకు బెదిరే మనిషి కాడు. "ఆ టీచర్లను ఒకసారే అడిగారా, కొన్నేళ్లు వెంబడించారా?"

"ఒకసారే."

"మరి రాత్రంతా నడుం సలిపితే మనిషికి దిగులు పట్టదా? ఏది ముందు, ఏది వెనక?"

ఆమె ఒప్పుకుంది. ఒక్కసారి తీసిన లెక్క నుంచి కారణం తేలదు. అందుకే వివరాలు ముందే రాసుకుని ఏళ్ల తరబడి వెంబడించిన అధ్యయనం ఒకటి చెప్పింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బోయింగ్ విమానాల ఫ్యాక్టరీ కార్మికులు 3,020 మంది. స్టాన్లీ బిగోస్ బృందం వాళ్ల ఒంటి బలం, వంగే సామర్థ్యం, చేసే పని, మానసిక స్థితి అన్నీ ముందే నమోదు చేసి, తర్వాత ఎవరు నడుం దెబ్బ తగిలిందని చెప్పుకుంటారో సుమారు నాలుగేళ్లు గమనించింది. 1991లో ప్రచురించిన ఫలితంలో, అంతకుముందు వచ్చిన నడుం బాధను పక్కన పెడితే, ఒంటి కొలతలు పెద్దగా ఏమీ ముందే చెప్పలేకపోయాయి. తమ పని దాదాపు ఎప్పుడూ నచ్చదన్నవాళ్లు మాత్రం, నచ్చుతుందన్నవాళ్లకంటే రెండున్నర రెట్లు ఎక్కువగా నడుం దెబ్బ నమోదు చేయించుకున్నారు.

"నమోదు చేయించుకున్నారు అన్నావు చూడు," పెద్దాయన ఆ మాట దగ్గరే పట్టుకున్నాడు. "నొప్పి వచ్చిందని కాదుగా? పని నచ్చినవాడు నొప్పి ఓర్చుకుని పనిలోకి పోతాడు. నచ్చనివాడు ఆఫీసుకెళ్లి చెప్పుకుంటాడు. నా తోటలోనూ అంతే. ఫోర్‌మన్ మంచివాడైన డివిజన్ నుంచి నా దగ్గరికి తక్కువమంది వచ్చేవాళ్లు. వాళ్ల నడుములు ఇనుముతో చెయ్యలేదు."

బోయింగ్ అధ్యయనం మీద నిపుణులు వేసిన ప్రశ్న కూడా సరిగ్గా ఇదే. తోట ఆస్పత్రి బల్ల దగ్గర కూర్చుని ఆయన తన అనుభవంలోంచే అక్కడికి చేరుకున్నాడు. నొప్పి రావడం, నొప్పి చెప్పుకోవడం, నొప్పి వల్ల పని మానడం: ఇవి మూడు వేరువేరు సంగతులు. వాటిని కలిపేసిన చోటల్లా కార్మికుడికి అన్యాయం జరిగింది.

మేనకోడలు దారి మార్చింది. ఫిర్యాదులూ ఫారాలూ లేని ప్రయోగశాలలోకి తీసుకెళ్లింది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో విలియం మారస్ అనే ఇంజినీరు పాతికమంది చేత పెట్టెలు ఎత్తించాడు. వాళ్ల నడుం కండరాలకు తీగలు అమర్చి, వెన్నెముక మీద పడే భారాన్ని లెక్కగట్టాడు. మొదట ప్రయోగం చేసేవాళ్లు మర్యాదగా, మెచ్చుకుంటూ మాట్లాడారు. తర్వాత కావాలనే చిరచిరలాడుతూ తప్పులెన్నారు. పెట్టె అదే, బరువు అదే, ఎత్తే మనిషీ అతనే. విసుర్లు మొదలయ్యాక చాలామందిలో ఎదురెదురు కండరాలు ఒకేసారి బిగుసుకున్నాయి, వెన్నెముక మీద భారం పెరిగింది. అంతర్ముఖ స్వభావం ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ. 2000లో ఈ ఫలితాలు ప్రచురించారు.

పెద్దాయన ఇది శ్రద్ధగా విన్నాడు. "అంటే మండోరు అరుపు కూడా గెలతో పాటు నడుం మీద పడుతుందంటావు."

"పడుతుంది. అంతటితో ఆగదు," అని ఆమె మిగతాది వివరించింది. ఆందోళనలో ఉన్న ఒంటిలో అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు మామూలు స్థాయికి తొందరగా దిగిరావు. కండరాలు వదులవ్వవు. నిద్ర చెడుతుంది. ఆరోగ్యవంతుల్ని నిద్ర పోనివ్వకుండా చేసిన ప్రయోగాల్లో కూడా అదే నొప్పి మరింత గట్టిగా తెలిసింది. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారులు కొన్ని నొప్పి సంకేతాన్ని తగ్గిస్తాయి, కొన్ని పెంచుతాయి. భయం, దిగులు ఆ తూకాన్ని పెంచే వైపుకు మొగ్గేలా చేస్తాయి. ఒకసారి దొంగను చూసిన కావలి కుక్క ఆ తర్వాత తాటాకు రాలినా మొరిగినట్టు, నెలల తరబడి నొప్పి పడ్డ నరాల వ్యవస్థ చిన్న కదలికకే కేకలేస్తుంది. ఆ కేక మనిషి కల్పించింది కాదు. లోపల నిజంగా జరుగుతోంది.

"మరి ఎమ్మారైలో డిస్కు జారిందని కనిపిస్తుందే? అదీ బెంగేనా?"

ఈ ప్రశ్న ఆమెకు రోజూ ఎదురయ్యేదే. 1994లో అమెరికా వైద్యులు నడుం నొప్పి లేనే లేని 98 మందికి ఎమ్మారై తీశారు. సగానికి పైగా, 52 శాతం మందికి, కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది. 27 శాతం మందిలో పొడుచుకొచ్చి ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. వయసుతో జుట్టు నెరిసినట్టే చాలా డిస్కులు అరుగుతాయి. ఆ కాగితం చదువుకున్న మనిషి మాత్రం ఆ రోజు నుంచి వంగడం మానేస్తాడు, పిల్లల్ని ఎత్తుకోడు, కుర్చీలోంచి లేవడానికి జంకుతాడు. కదలని కండరం బలహీనపడుతుంది. బలహీనపడ్డ కండరం ఇంకా తొందరగా నొప్పెడుతుంది. ఫిన్లాండ్‌లో ఒకే పోలిక కవల సోదరులు 115 జంటల్ని పరీక్షించిన మిషెల్ బాటియే బృందం, డిస్కుల అరుగుదలకు బరువు పనికంటే వంశమూ పెంపకమే చాలా ఎక్కువ కారణమని 1995లో చెప్పిందని కూడా ఆమె గుర్తుచేసింది.

"ఆగు. ఫొటోలో అరుగుదల ఉన్నంత మాత్రాన నొప్పి ఉన్నట్టు కాదని నువ్వే అన్నావు. ఇప్పుడు బరువు పని వల్ల అరుగుదల రాదు కాబట్టి బరువు వల్ల నొప్పీ రాదంటున్నావా? రెండు మాటలూ ఎలా పొసగుతాయమ్మాయ్?"

పొసగవు. ఆమె నవ్వి, కవలల్ని వాదనలోంచి తీసేసింది. దాని బదులు ఇద్దరి పక్షానికీ పనికొచ్చేది ఇంకొకటి చెప్పింది. సిడ్నీలో హఠాత్తుగా నడుం పట్టేసిన 999 మందిని, నొప్పి మొదలవడానికి ముందు ఏం చేస్తున్నారో అడిగారు. అదే మనిషి మామూలు రోజున ఏం చేశాడన్నదానితో పోల్చారు. ఒళ్లు అడ్డదిడ్డంగా పెట్టి బరువు పని చేసినప్పుడు నొప్పి మొదలయ్యే అవకాశం 8 రెట్లు పెరిగింది. బాగా అలసి ఉంటే 3.7 రెట్లు. చేసే పని మీద మనసు లేకుండా ధ్యాస చెదిరి ఉన్నప్పుడు 25 రెట్లు. 2015లో వచ్చిన అధ్యయనం ఇది. బరువును కొట్టిపారెయ్యడానికి వీల్లేదు, ఎత్తేవాడి మనసు ఎక్కడుందో అడక్కుండా ఉండటానికీ వీల్లేదు.

పెద్దాయన మనసులో అప్పుడు ఒక కోతగాడు మెదిలాడు. పేరు చెప్పలేదు. నడుం పట్టేసిందని వచ్చి, సెలవు రాసిస్తానంటే వద్దన్నవాడు. తోటల్లో ఉద్యోగంతోనే ఇల్లు. పని పోతే లయంలోని, అంటే కూలీల ఇళ్ల వరసలోని, ఇల్లు ఖాళీ చెయ్యాలి. 1980ల నుంచి కొత్త కాలనీల కోసం, పరిశ్రమల కోసం తోటలు ఒక్కొక్కటే అమ్ముడుపోతుంటే, మూడు తరాలుగా అక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలు సామాన్లు బయట పెట్టుకున్న రోజులవి. "వాడికి రోజూ అదే ఆలోచన. తోట ఉంటుందా, ఉద్యోగం ఉంటుందా, నడుం వంగకపోతే పిల్లల్ని ఎక్కడ పెట్టాలి. నేను బామ్ రాసి మాత్రలిచ్చాను. మళ్లీ వచ్చేవాడు."

"నేను అడిగేదీ ఆ మనిషి గురించే కదా మావయ్యా. ఆ ఆలోచన అతని నిద్రలోకి, కండరాల్లోకి వెళ్లలేదంటారా?"

"వెళ్లిందంటాను. కానీ ఆ భయం వాడు తెచ్చిపెట్టుకున్నది కాదు. ఇల్లు పోతుందన్నది నిజం. నిజమైన భయానికి నువ్వు వ్యాయామం నేర్పి పంపిస్తే ఎలా?"

ఇక్కడ పెద్దాయన వైపు నిలబడాలి. ఒత్తిడి నడుం నొప్పిని పెంచుతుందని ఒప్పుకున్నాక, ఆ ఒత్తిడి ఎక్కణ్నుంచి వస్తోందన్న ప్రశ్నను ఆస్పత్రి గుమ్మం బయటే వదిలేస్తే సగం వైద్యమే జరిగినట్టు. మలేషియాలో ఉద్యోగ చట్టాన్ని సవరించి 2023 జనవరి 1 నుంచి వారానికి పని గంటల్ని 48 నుంచి 45కి తగ్గించారు. ఆ మూడు గంటలూ నిజంగా దక్కిన కార్మికుడికి అది నడుం వైద్యంలో భాగమే. అయితే ఉద్యోగమూ ఇల్లూ భద్రంగా ఉన్నా నొప్పి వదలనివాళ్లు, యజమాని మారేదాకా ఆగలేనివాళ్లు ఎంతోమంది. వాళ్లకేం చెయ్యాలన్నది మేనకోడలి ప్రశ్న.

ఆమె సమాధానం కౌలాలంపూర్ శివార్లలోనే ఉంది. సెలయాంగ్ ఆస్పత్రిలో డాక్టర్ మేరీ కార్డోసా బృందం, ఆస్ట్రేలియా మనస్తత్వవేత్త మైకేల్ నికొలస్ సహకారంతో, 2002లో 'మెనాంగ్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి నొప్పితో బాధపడేవాళ్లు చిన్న గుంపులుగా రెండు వారాల పాటు వస్తారు. నొప్పి వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, మనస్తత్వవేత్త కలిసి పనిచేస్తారు. నొప్పి ఎలా పుడుతుందో చెబుతారు. వ్యాయామం కొద్దికొద్దిగా పెంచుతారు. బాగున్న రోజున అతిగా చేసి మర్నాడు మంచం పట్టే అలవాటు మాన్పిస్తారు. ఇక నా పని అయిపోయిందనే ఆలోచన వచ్చినప్పుడు దాన్ని ఎలా పరీక్షించుకోవాలో నేర్పుతారు. 70 మంది ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత చూసినా మెరుగు నిలిచే ఉంది.

కొలరాడోలో ఇంకా ముందుకెళ్లారు. దీర్ఘకాలపు నడుం నొప్పి ఉన్న 151 మందిలో మూడో వంతు మందికి, నొప్పిని ప్రమాద సూచనగా కాక నరాల పాత అలవాటుగా చూడటం నాలుగు వారాలు నేర్పారు. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం వాళ్లలో 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో, దాదాపుగానో పోయింది. ఉత్తుత్తి ఇంజెక్షను ఇచ్చినవాళ్లలో ఆ సంఖ్య 20 శాతం, మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో 10 శాతం.

"వాళ్లు కోతగాళ్లా?"

"కాదు. చదువుకున్నవాళ్లు ఎక్కువ. నొప్పి మరీ తీవ్రంగా లేనివాళ్లు."

"అది కూడా చెప్పు మరి, మీ ఫలితం చెప్పేటప్పుడు."

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1997 నుంచి టీవీలో చేసిన ప్రచారం సంగతి వచ్చినప్పుడూ ఆయన ఇలాగే నిలదీశాడు. నడుం నొప్పికి మంచం పట్టొద్దు, నెమ్మదిగా పనుల్లో పడండి అని పేరున్నవాళ్ల చేత చెప్పించారు. పరిహారం దరఖాస్తులు సుమారు 15 శాతం తగ్గాయి. "దరఖాస్తులు తగ్గితే బీమావాడికి సుఖం. నడుములకో?" జనంలోనూ డాక్టర్లలోనూ నడుం నొప్పి గురించిన భయాలు తగ్గినట్టు ఆ పరిశోధకులు విడిగా కొలిచి చూపారని ఆమె చెప్పింది. ఆయనకది సగమే నచ్చింది.

మరో విషయంలో మాత్రం ఆయన గొంతు పెంచాడు. వెన్నులో క్షయ వచ్చినవాళ్లను తోటల్లో ఆయన స్వయంగా చూశాడు. నడుం నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, తగ్గిపోయే బరువు. "అలాంటివాడికి నువ్వు బెంగ గురించి ఉపన్యాసమిస్తూ కూర్చుంటే వాడి కాళ్లు పడిపోతాయి." మేనకోడలు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. మూత్రం, విరేచనం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గుతున్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉన్నా, పెద్ద దెబ్బ తగిలినా ఒత్తిడి ప్రస్తావనే తేకుండా వెంటనే ఆస్పత్రికి పంపాలి. ఆ పరీక్ష అయ్యాకే మిగతా సంభాషణ. ఎక్కువమందిలో అలాంటి జబ్బేమీ ఉండదు. వాళ్లలో నొప్పి దీర్ఘకాలం వదలనివాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. అవగాహన, వ్యాయామం, మానసిక చికిత్స వాడొచ్చని, నడుం బెల్టులు, ట్రాక్షన్, నల్లమందు జాతి నొప్పి మందులు మామూలుగా వాడొద్దని అందులో ఉంది. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారని ఆ సంస్థే లెక్క చెప్పింది.

చివరికి వాదన ఒక కాగితం దగ్గరికొచ్చి ఆగింది. పామాయిలు మిల్లులో పనిచేసే కార్మికుడు నడుం నొప్పితో ఆమె దగ్గరికొస్తే రిపోర్టులో ఏం రాస్తావని ఆయన అడిగాడు. ఎత్తే బరువు, వంగే తీరు, షిఫ్టు, నిద్ర, ఇంటి పరిస్థితి, ఉద్యోగ భయం అన్నీ రాస్తానంది. ఆయన ఒప్పుకోలేదు. పరిహారం కోసం కార్మికుల సామాజిక భద్రతా సంస్థ పెర్కెసోకు వెళ్తే జబ్బు పని వల్లే వచ్చిందని చూపాలి. ఆ కాగితంలో ఆందోళన అన్న మాట కనబడితే దాన్నే పట్టుకుని బరువు సంగతి పక్కకు తోస్తారని ఆయన భయం. రోగి చెప్పింది దాచి రాయలేనని, దాస్తే తర్వాత చూసే డాక్టరు మళ్లీ బామూ మాత్రలూ ఇచ్చి పంపిస్తాడని ఆమె అంది. కావాలంటే ఉద్యోగ భయాన్ని కూడా పని పరిస్థితుల కిందే, బరువు పక్కనే రాస్తానంది.

"అలా రాస్తే కొంత నయం," అన్నాడాయన. "అయినా కంపెనీ డాక్టరు చేతికి ఆ కాగితం ఇవ్వొద్దని వాడికి చెప్పు."

దానికి ఆమె ఒప్పుకోలేదు. కార్మికుణ్ని అడిగి, అతను సరేనంటేనే ఎవరికైనా ఇస్తానంది. భోజనానికి పిలుపు వచ్చాక కూడా ఇద్దరూ అదే మాట్లాడుకుంటూ లేచారు.